మన కాలపు విగ్రహాలు: యూదు సంప్రదాయం దేన్ని విగ్రహారాధన అంటుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. యూదు మతం విగ్రహారాధనను అన్నింటికన్నా పెద్ద తప్పుగా ఎంచుతుంది కదా, తమలో రాతి బొమ్మకు మొక్కేవారే లేని ఈ కాలంలో యూదులకు ఆ నిషేధంతో పని ఏమిటి? డబ్బు, ఫోను, దేశం, నాయకుడు కూడా విగ్రహాలేనని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, చెప్పే మాటకు గ్రంథాల్లో ఆధారం ఉందా, లేక అది ప్రసంగాల్లో వాడే పోలిక మాత్రమేనా? తిరుమల తలనీలాల గురించి 2004లో లేచిన వివాదం సంగతి కూడా అడిగారు. నేను యూదుణ్ని కాను. యెరూషలేములో రెండేళ్లు చదువుకుని, ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా మిష్నా (పాతకాలపు రబ్బీల ధర్మశాస్త్ర సంకలనం), తాల్ముద్ (దాని మీద జరిగిన చర్చల సంపుటి) పాఠాలను విద్యార్థులతో కలిసి చదువుతూ వస్తున్నవాడిని. సంప్రదాయం చెప్పినది ఏది, నాకు తోచినది ఏది అన్నది మీకు విడివిడిగా తెలిసేలా జవాబు రాయడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక తేడా గమనించాలి. యూదు గ్రంథాల్లో విగ్రహారాధన అన్న మాట రెండు స్థాయుల్లో వినిపిస్తుంది. మొదటిది ధర్మశాస్త్రం, వారి మాటల్లో హలాఖా. అక్కడ అది న్యాయస్థానంలో నిలిచే మాట. ఏ పని చేస్తే నేరమవుతుంది, ఏ వస్తువును వాడుకోకూడదు, ఏ వస్తువును అమ్మగా వచ్చిన డబ్బును కూడా ముట్టకూడదు అన్న లెక్క కచ్చితంగా ఉంటుంది. దీనికోసం మిష్నాలో, తాల్ముద్‌లో అవోదా జరా అనే ప్రత్యేక భాగమే ఉంది. రెండవ స్థాయి నీతిబోధ. అక్కడ "ఈ పని చేసినవాడు విగ్రహారాధన చేసినట్టే" అంటారు. ఆ "చేసినట్టే" అన్న మాటకు బరువు చాలా ఉంది కానీ దాని ఆధారంగా ఎవరికీ శిక్ష పడదు, ఏ వస్తువూ నిషిద్ధం కాదు. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడేవారు ఎక్కువ కాబట్టే ఈ విషయంలో ఇంత గందరగోళం ఉంది.

అవోదా అంటే సేవ, ఆరాధన. జరా అంటే పరాయిది. "పరాయి సేవ" అన్న ఆ పేరులో బొమ్మ ప్రసక్తే లేదని గమనించండి. బొమ్మ చేసుకోవద్దన్న ఆజ్ఞ పది ఆజ్ఞల్లో ఉన్నమాట నిజమే. అయితే దాని వెనుక ఉన్న తప్పు ఎక్కడ మొదలవుతుందని అడిగితే, యూదులు రాంబాం అని పిలుచుకునే మైమోనిడీస్ ఇచ్చిన జవాబు నేటికీ అందరికీ ఆధారం. ఆయన స్పెయిన్‌లోని కొర్దోబాలో 1138లో పుట్టి, 1204లో ఈజిప్టులో కన్నుమూసిన వైద్యుడు, ధర్మశాస్త్రవేత్త. విగ్రహారాధన గురించిన తన చట్టాలను ఆయన చట్టంతో మొదలుపెట్టలేదు, ఒక కథతో మొదలుపెట్టారు.

ఆదాము మనవడైన ఎనోషు కాలంలో మనుషులు ఒక పెద్ద పొరపాటు చేశారని ఆ కథ. వారు దేవుణ్ని కాదనలేదు. నక్షత్రాలను, గోళాలను దేవుడే చేశాడు, ఎత్తున నిలిపాడు, తన కొలువులో సేవకులుగా పెట్టుకున్నాడు. రాజు తన ముందు నిలబడేవారిని కూడా ప్రజలు గౌరవించాలని కోరుకుంటాడు కదా, కాబట్టి నక్షత్రాలను పొగడటం దేవుడికి ఇష్టమే అవుతుంది అని తర్కించారు. ఆ తర్కంతో నక్షత్రాలకు మందిరాలు కట్టారు, బలులు ఇచ్చారు. తరువాత కొందరు లేచి, ఫలానా నక్షత్రాన్ని సేవించమని దేవుడే తమతో చెప్పాడంటూ తమ మనసులో పుట్టిన ఒక ఆకారాన్ని చూపించారు. మేలూ కీడూ చేసేది ఆ ఆకారమేనన్నారు. తరాలు గడిచేకొద్దీ అసలు దేవుడి పేరు జనం నోట వినబడటమే మానేసింది. సామాన్యులకు చెట్టు కింద ఉన్న కొయ్య, గుట్ట మీద ఉన్న రాయి మాత్రమే తెలుసు. పండితులకు నక్షత్రాలు మాత్రమే తెలుసు. అబ్రాహాము పుట్టేనాటికి లోకం ఆ స్థితిలో ఉందని రాంబాం రాశారు.

ఈ కథను నేను విద్యార్థులకు ప్రతి ఏడాదీ చదివి వినిపిస్తాను. ఇందులో మొదటి మెట్టు మీద ఉన్న మనిషి దుర్మార్గుడు కాదు, తెలివితక్కువవాడు కూడా కాదు, భక్తుడే. అతని తర్కం మర్యాదగానే ఉంది. సేవకుడికి ఇచ్చే గౌరవం యజమానికే చేరుతుందని నమ్మాడు. ఆ గౌరవం దారిలోనే ఆగిపోతుందని మాత్రం అతనికి తట్టలేదు. ఈ కాలంలో విగ్రహారాధన ఏ రూపంలో ఉంటుందని అడిగేవారికి నా మొదటి జవాబు ఇదే: మంచి పనికోసం పుట్టిన సాధనం ఏది తన పని మరిచి తానే గమ్యంగా కూర్చుందో అక్కడ వెతకండి. చెడ్డ వస్తువుల్లో వెతకడం సులువు, కానీ అక్కడ దొరికేది తక్కువ.

ఇత్తడి సర్పం ఇందుకు అన్నింటికన్నా స్పష్టమైన ఉదాహరణ. అరణ్యంలో పాముకాట్లకు జనం చనిపోతుంటే, దేవుడి ఆజ్ఞ మీదే మోషే ఇత్తడితో ఒక సర్పాన్ని చేయించి స్తంభం మీద పెట్టించాడని, దాన్ని చూసినవారు బతికారని సంఖ్యాకాండము 21వ అధ్యాయం చెబుతుంది. బొమ్మను నిషేధించిన దేవుడే బొమ్మ చేయించాడా అన్న ప్రశ్న మీకు వచ్చినట్టే రబ్బీలకూ వచ్చింది. "పాము చంపుతుందా, పాము బతికిస్తుందా?" అని మిష్నా అడుగుతుంది. జనం పైకి చూసి పరలోకపు తండ్రికి మనసు అప్పగించినప్పుడు బతికేవారు, లేనప్పుడు క్షీణించిపోయేవారు అని తానే బదులు చెబుతుంది. అంటే ఆ సర్పం చూపును పైకి తిప్పడానికి పెట్టిన గుర్తు. కొన్ని శతాబ్దాల తరువాత హిజ్కియా రాజైనప్పుడు ఆ సర్పం ఇంకా ఉంది, జనం దానికి ధూపం వేస్తున్నారు. మోషే చేతి వస్తువు, దేవుడి ఆజ్ఞతో చేసినది, ప్రాణాలు కాపాడినది. హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు. రబ్బీలు ఆ పనిని మెచ్చుకున్నారు. బయటి దేశపు విగ్రహాన్ని పగలగొట్టడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు; తన పూర్వికుల పవిత్ర వస్తువు చెడిపోయిందని గుర్తించి, దాన్ని తన చేతులతోనే తీసివేయడం కష్టమైన పని.

నేటి యూదు సమాజంలో ఇత్తడి సర్పాలు ఏమిటని అడిగితే మెజూజా గురించి చెబుతాను. యూదుల ఇంటి గుమ్మానికి కుడివైపు ద్వారబంధానికి వేలెడు పొడవున్న డబ్బీ ఒకటి బిగించి ఉంటుంది. లోపల చిన్న తోలుపత్రం, దాని మీద ద్వితీయోపదేశకాండములోని రెండు భాగాలు చేత్తో 22 పంక్తుల్లో రాసి ఉంటాయి. ఆ రాత "ఓ ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అన్న వాక్యంతో మొదలవుతుంది. యెరూషలేములో నేనున్న వీధిలో ఒక ముసలి లేఖకుడు ఉండేవారు. ఒకసారి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉండగా ఒక తల్లి గుమ్మాల నుంచి ఊడదీసిన ఆరేడు డబ్బీలను రుమాలులో కట్టుకుని తెచ్చింది. పిల్లవాడికి నెలల తరబడి ఒంట్లో బాగుండటం లేదు, మెజూజాలో అక్షరం ఏదో చెడిందేమో చూపించుకోమని ఎవరో చెప్పారట. ఆయన ఒక్కొక్క పత్రాన్ని విప్పి, చుట్టుకుపోకుండా రెండు వేళ్లతో అదిమి, భూతద్దంతో ఒక్కొక్క అక్షరం చూశారు. ఒకచోట సిరా పగిలి ఉంది, ఆ పత్రాన్ని పక్కన పెట్టారు. ఆమె ముఖంలో వెంటనే ఒక ఊరట కనిపించింది, కారణం దొరికిందన్నట్టు. ఆయన మెల్లగా, ఇది మార్చుకోవాల్సిందే, పిల్లవాణ్ని మాత్రం వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లమ్మా, ఈ రెండూ వేరు వేరు పనులు అని చెప్పారు.

ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మెజూజాను అప్పుడప్పుడు పరీక్షించాలన్న నియమం తాల్ముద్‌లోనే ఉంది, ఏడేళ్లలో రెండుసార్లు అని. ఆమె చేసిన పని అదే. ఆ పనికి ఆమె మనసులో ఉన్న అర్థం దగ్గరే తేడా వచ్చింది. రాంబాం కాలంలో కొందరు మెజూజా లోపల దేవదూతల పేర్లు, ముద్రలు రాయించుకునేవారు. వారిని గురించి ఆయన రాసిన మాటలు మామూలుగా ఆయన రాసే చల్లని శాస్త్రభాషలో లేవు. దేవుడు ఒక్కడేనని గుర్తుచేసి, ఆయన మీద ప్రేమను, ఆయన సేవను తలపించే గొప్ప ఆజ్ఞను ఈ మూర్ఖులు తమ సొంత లాభానికి తాయెత్తులా మార్చుకున్నారని, వారికి పరలోకంలో భాగం లేదని ఆయన తీర్పు. దేవుడు ఒక్కడేనని ప్రకటించే వాక్యమే తాయెత్తు అయిపోవడం ఆయనకు భరించరానిదిగా తోచింది. చెయ్యికి కట్టుకునే ఎర్ర దారం, ఫలానా వంటకం తింటే సంతానం కలుగుతుందన్న నమ్మకం, ఫలానా రబ్బీ ఫొటో జేబులో ఉంటే ప్రమాదం తప్పుతుందన్న ధీమా, ఇవన్నీ ఇదే బాటలో నడుస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ న్యాయస్థానంలో విగ్రహారాధన అని రుజువు కాదు. అయినా రాంబాం కథలోని రెండో మెట్టో మూడో మెట్టో ఇక్కడ కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది.

సమాధుల సంగతీ అంతే. పేరొందిన గురువు రబ్బీ నఖ్‌మాన్ 1810లో చనిపోయిన ఉక్రెయిన్ పట్టణం ఉమాన్‌కు ఏటా యూదుల కొత్త సంవత్సరానికి వేలాది మంది వెళతారు. అక్కడ నిలబడి ఆ పుణ్యాత్ముడి పేరు చెప్పి దేవుణ్ని వేడుకోవడాన్ని పెద్దలు చాలామంది అనుమతించారు. ఆ చనిపోయిన మనిషినే వేడుకోవడం మృతుల దగ్గర విచారణ చేయడమవుతుందని, అది తోరా (మోషే ఐదు గ్రంథాలు) నిషేధించినదేనని హెచ్చరించారు. ఈ రెండు ప్రార్థనలకూ మధ్య తేడా ఒక్క సంబోధనలోనే ఉంది. సమాధి దగ్గర ఏడుస్తున్న మనిషికి ఆ గీత ఎంతవరకు గుర్తుంటుందన్నది నేను చెప్పలేను.

ఇక మీరు ప్రత్యేకంగా అడిగిన డబ్బు, ఫోను, దేశం. డబ్బుకు గ్రంథాధారం పాతదే. యోబు గ్రంథం 31వ అధ్యాయంలో యోబు తాను చేయని తప్పులను లెక్కపెడుతూ, బంగారాన్ని నా ఆధారమని అనుకున్నానా, మేలిమి బంగారంతో నా ఆశ్రయం నీవే అన్నానా అని అడుగుతాడు. ఆ వెంటనే, ప్రకాశించే సూర్యుణ్ని, నడిచే చంద్రుణ్ని చూసి నా మనసు మురిసి, చేయి నోటికి ఆనించి ముద్దుపెట్టానా అంటాడు. బంగారం మీద భరోసా, సూర్యచంద్రులకు ముద్దు ఒకే ఊపిరిలో వచ్చాయి; రెండూ పైనున్న దేవుణ్ని కాదన్నట్టేనని ముగిస్తాడు. డబ్బు సంపాదించడాన్ని, దాచుకోవడాన్ని, ఆస్తి కూడబెట్టడాన్ని యూదు సంప్రదాయం ఎప్పుడూ తప్పనలేదు. "నా ఆశ్రయం నీవే" అన్న సంబోధనే అక్కడ నేరం. తాల్ముద్ దీన్ని ఇంకా దగ్గరికి తెస్తుంది. దానం అడిగినవాడి మీద నుంచి కళ్లు తిప్పుకున్నవాడు విగ్రహాలను పూజించినట్టేనని రబ్బీ యెహోషువ బెన్ కోర్హా అన్నాడు. గుడిలో ఎవరికి మొక్కుతున్నావని ఆయన అడగలేదు, పేదవాడు ఎదురైనప్పుడు నీ కళ్లు ఎటు చూశాయని అడిగాడు. డబ్బు విషయంలో ఇంతకన్నా సూటి పరీక్ష నాకు ఇంకెక్కడా కనబడలేదు.

గర్వం గురించీ ఇలాంటి మాటే ఉంది. కోపం గురించి ఉన్నది మాత్రం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కోపంలో బట్టలు చింపుకునేవాణ్ని, గిన్నెలు పగలగొట్టేవాణ్ని, డబ్బు విసిరేసేవాణ్ని విగ్రహారాధకుడిలా చూడమని తాల్ముద్‌లోని షబ్బాత్ భాగం చెబుతుంది. కారణం కూడా చెబుతుంది: లోపలి దుష్ప్రేరణ పనితనం అదే, ఈ రోజు ఇది చెయ్యి అంటుంది, రేపు అది చెయ్యి అంటుంది, చివరకు వెళ్లి విగ్రహానికి మొక్కు అంటుంది, మనిషి వెళ్లి మొక్కుతాడు. అక్కడే రబ్బీ అవిన్ కీర్తనలలోని "పరాయి దేవుడు నీలో ఉండకూడదు" అన్న వాక్యాన్ని పట్టుకుని, మనిషి శరీరం లోపల ఉండే పరాయి దేవుడు ఎవరని అడిగి, ఆ దుష్ప్రేరణేనని జవాబిస్తాడు. "నీ మధ్య" అని మనం మామూలుగా చదువుకునే చోట ఆయన "నీ లోపల" అని చదివాడు.

ఫోను సంగతి అడిగేవారికి నేను ఈ భాగాన్నే చూపిస్తాను. ఫోను విగ్రహమని చెప్పడం నాకు అతిగానే అనిపిస్తుంది; అది ఒక పనిముట్టు. కానీ "ఇది చూడు" అని ఒకటి చెప్పగానే చూసి, "ఇక అది చూడు" అనగానే అది చూసి, ఏ ఘడియలోనూ ఎందుకు అని అడగని విధేయత ఏదైతే మనలో పుడుతుందో, దాన్ని ఆ పాత రబ్బీ చూస్తే తప్పక గుర్తుపట్టేవాడు. ఆచారాన్ని పాటించే యూదు కుటుంబాల్లో శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు ఫోన్లు ఆపి సొరుగులో పెట్టేస్తారు. శనివారం చీకటిపడి నక్షత్రాలు కనిపించేదాకా, సుమారు 25 గంటలు, వాటిని ముట్టరు. అలాంటి ఇళ్లలో చాలాసార్లు విందు చేశాను. మొదటి గంటలో నా చేయి నా ప్రమేయం లేకుండా ఖాళీ జేబు వైపు వెళ్లేది, రాత్రి భోజనం ముగిసేసరికి ఆగిపోయేది. విశ్రాంతి దినానికి కారణాలు తోరాలో వేరే ఉన్నాయి. అయినా వారానికొకసారి ఒక వస్తువును వదిలిపెట్టగలనో లేదో తెలుసుకునే ఏర్పాటుగా కూడా అది పనిచేస్తోందని నేను నమ్ముతున్నాను.

దేశం సంగతికి వచ్చేసరికి యూదు ఆలోచనాపరుల్లో అత్యంత తీవ్రంగా మాట్లాడినవాడు యెషయాహు లైబోవిట్జ్. 1903లో రీగాలో పుట్టిన ఈ శాస్త్రవేత్త హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, జీవితాంతం ఆచారాలను నిష్ఠగా పాటించినవాడు, ఇశ్రాయేలు దేశం కోరుకున్నవాడే. 1967 యుద్ధంలో పాత యెరూషలేము చేతికి వచ్చి, కూలిపోయిన పాత దేవాలయపు ఆవరణలో మిగిలిన పడమటి గోడ ముందు జనం ఆనందంతో పొంగిపోతున్నప్పుడు, ఆ గోడ చుట్టూ పెరుగుతున్న భక్తిని ఆయన విగ్రహారాధన అన్నాడు. గోడను హీబ్రూలో కోతెల్ అంటారు. దానికి డిస్కో అన్న మాట జోడించి "డిస్కోతెల్" అని పిలిచాడు. రాజ్యం మనుషుల అవసరాలు తీర్చే యంత్రాంగమని, దానికీ నేలకూ పవిత్రత అంటగడితే అది అరణ్యంలో ఇశ్రాయేలీయులు చేసుకుని మొక్కిన బంగారు దూడేనని ఆయన వాదన. 1993లో ఆయనకు ఇశ్రాయేలు పురస్కారం ప్రకటించినప్పుడు పెద్ద దుమారం లేచింది. ఆయన ఆ పురస్కారాన్ని వద్దన్నాడు. ఆయన మాటల్లోని కటువుదనం నాకు నచ్చదు. ఆ గోడ రాళ్ల సందుల్లో చీటీలు పెట్టి ఏడ్చే ముసలివారిని చూసిన తరువాత ఆ పదాన్ని నోటితో అనలేను. కానీ బంగారు దూడ కథను మళ్లీ చదివితే ఆయన వాదనను తోసిపుచ్చలేకపోతున్నాను. దూడ తయారయ్యాక మోషే అన్న అహరోను ప్రకటించినది "రేపు యెహోవాకు పండుగ" అని. అక్కడ ఎవరూ పాత దేవుడి పేరు మార్చలేదు. ఆ పేరుతోనే, చెవిపోగులు కరిగించి పోసిన దాని చుట్టూ నాట్యం చేశారు.

వార్సాలో పుట్టిన రబ్బీ అబ్రహాం హెషెల్ ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చెప్పాడు. 1963 జనవరిలో చికాగోలో జాతి వివక్ష మీద జరిగిన మతపెద్దల సభలో ఆయన ప్రసంగించాడు. నాకు మాత్రమే చెంది నీకు చెందని దేవుడు, నా బాగోగులే చూసి నీవి పట్టించుకోని దేవుడు విగ్రహమేనన్నది ఆ ప్రసంగంలోని మాట. తెల్లవాడి దేవుడు నల్లవాడిని పట్టించుకోడన్న నమ్మకంతో ఆదివారం ఆరాధన చేసే దేశంలో నిలబడి చెప్పిన మాట అది. రెండేళ్ల తరువాత 1965లో అమెరికాలోని సెల్మాలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచాడు. కులం గురించి ఆలోచించే తెలుగువారికి ఈ నిర్వచనం ఎక్కడ తగులుతుందో నేను విడమరిచి చెప్పనక్కరలేదు.

నాయకుల విషయంలో ఒక చిన్న చట్టం చెబుతాను. రోమనుల కాలంలో మర్కోలిస్ అనే దేవతకు రాళ్లు విసరడమే పూజ. ఒకడు అసహ్యంతో, అవమానించాలనే ఉద్దేశంతో దాని మీద రాయి విసిరాడనుకోండి. రాంబాం తీర్పు ప్రకారం, తెలియక చేసిన తప్పుకు ఇవ్వవలసిన బలిని వాడు ఇవ్వాలి, ఎందుకంటే ఆ దేవత సేవే అది. వాడి రాయి కూడా ఆ కుప్పలో చేరి కుప్పను పెంచింది. ఒక నాయకుణ్ని పొద్దున్నుంచి రాత్రిదాకా పూజించేవారిని చూసి మనం బాధపడతాం. పొద్దున్నుంచి రాత్రిదాకా అతన్ని తిట్టడం తప్ప మరో ఆలోచన లేనివారిని చూసినప్పుడల్లా నాకు మర్కోలిస్ రాళ్లకుప్ప గుర్తుకొస్తుంది.

ఇప్పుడు తలనీలాల వివాదం. ఇది మొదటి స్థాయికి, అంటే నిక్కమైన చట్టానికి సంబంధించినది. నిష్ఠగల యూదు కుటుంబాల్లో పెళ్లయిన స్త్రీలు జుట్టు కప్పుకోవాలి. చాలామంది అసలు జుట్టుతో చేసిన విగ్గు ధరిస్తారు. ఆ విగ్గుల్లో వాడే జుట్టులో కొంత తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాల వేలం ద్వారా వస్తోందని తెలిసింది. విగ్రహానికి అర్పించిన వస్తువు నుంచి ఏ ప్రయోజనమూ పొందకూడదన్నది తోరా నియమం. కాబట్టి ప్రశ్న ఇలా నిలిచింది: శిరోముండనం దేవుడికి చేసే అర్పణా, లేక భక్తుడు మొక్కు తీర్చుకుంటూ తన అందాన్ని వదులుకోవడమా? జుట్టు గర్భగుడిలోకి వెళ్లదు, స్వామి ముందు పెట్టరు. దాన్ని తీసేది క్షురకుడు, పూజారి కాదు. మరోవైపు, స్వామికి తలనీలాలు సమర్పించామనే మనవారంతా అంటారు. యెరూషలేముకు చెందిన రబ్బీ ఎల్యాషీవ్ అంతకుముందు తనకు అందిన సమాచారాన్ని బట్టి ఆ జుట్టును అనుమతించారు. 2004లో లండన్ రబ్బీ ఒకరిని తిరుపతికి పంపించి, ఆయన తెచ్చిన వివరాలు విన్నాక, కత్తిరించడమే అర్పణ అన్న నిర్ణయానికి వచ్చి నిషేధించారు. ఆ మే నెలలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో స్త్రీలు వేల డాలర్ల విగ్గులను మంటల్లో వేశారు. ఇతర రబ్బీలు కొందరు ఆ తీర్పును అంగీకరించలేదు, ఆ చర్చ ఈనాటికీ పూర్తిగా ముగియలేదు.

తెలుగువాడిగా ఆ వార్తలు చదివినప్పుడు నాకు నొప్పి కలిగింది. మా అమ్మ నా చేయి పట్టుకుని కల్యాణకట్టకు తీసుకెళ్లిన రోజు, తడిపిన తల మీద కత్తి చల్లదనం ఇంకా నాకు గుర్తున్నాయి. కానీ చట్టం చదివినవాడిగా ఒకటి గమనించాను: ఆ విచారణ మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది, ఈ పని చేసే మనిషి దీన్ని ఏమనుకుని చేస్తున్నాడు అని. ఇది మిష్నా నుంచి వచ్చిన అలవాటు. మిష్నా కాలపు రబ్బీల పెద్ద రబ్బన్ గమలియేలు ఆక్కో పట్టణంలో ఆఫ్రొడైటీ విగ్రహం ఉన్న స్నానశాలలో స్నానం చేస్తుంటే ఒక తత్త్వవేత్త, ఇది మీ ధర్మానికి విరుద్ధం కాదా అని అడిగాడు. నేను ఆమె హద్దుల్లోకి రాలేదు, ఆమే నా హద్దుల్లోకి వచ్చిందని ఆయన జవాబు. దేవతగా చూసేదే నిషిద్ధం, దేవతగా చూడనిది అనుమతమే అని ముగించాడు. రాయి ఒకటే, దాని ముందు మనిషి ఎలా నిలబడ్డాడన్నదే తీర్పును నిర్ణయిస్తుంది.

ఆ సూత్రం మన గుళ్లకు ఎలా వర్తిస్తుందన్నది వేరే చర్చ. 13వ శతాబ్దంలో పుట్టిన, నేటి దక్షిణ ఫ్రాన్సులోని పెర్పిన్యాన్ పండితుడు మేయిరి, మతధర్మాలకు కట్టుబడి బతికే జాతులను పాతకాలపు విగ్రహారాధకుల లెక్కలో వేయకూడదని రాశాడు. 2007 ఫిబ్రవరిలో న్యూఢిల్లీలో, 2008 ఫిబ్రవరిలో యెరూషలేములో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల సంస్థ, హిందూ ధర్మాచార్య సభ కలిసి కూర్చున్నాయి. హిందువులు ఏ రూపంలో ప్రార్థించినా ఉద్దేశించేది ఆ ఒక్క పరమాత్మనేనని, వారు విగ్రహాలను దేవుళ్లుగా పూజిస్తున్నారని అనుకోకూడదని రెండో సమావేశపు ప్రకటనలో ఉంది. దాన్ని అంగీకరించని రబ్బీలూ ఉన్నారు. నా మటుకు నాకు, పొరుగువాడి గుడి గురించి తీర్పు చెప్పడానికి ఈ చట్టాన్ని వాడటం కన్నా, సొంత ఇంట్లోని సర్పాన్ని గుర్తుపట్టడానికి వాడటమే హిజ్కియా చూపిన దారికి దగ్గరగా అనిపిస్తుంది.

మీ ప్రశ్న చివర్లో, చదువుకున్నవారు ఇలాంటి భ్రమల్లో పడరు కదా అన్న ఒక మాట ఉంది. దీనికి తాల్ముద్‌లోని సన్హెద్రిన్ భాగం జవాబు చెబుతుంది. పరలోకంలో భాగం లేని ముగ్గురు రాజుల్లో మనష్షే ఒకడు. ఇత్తడి సర్పాన్ని పగలగొట్టిన హిజ్కియా కొడుకే అతను. బబులోనులో తాల్ముద్‌ను కూర్చిన రావ్ ఆషీ ఒక సాయంత్రం ఆ ముగ్గురు రాజుల ప్రస్తావన వచ్చేసరికి పాఠం ఆపి, "రేపు మన తోటివారితో మొదలుపెడదాం" అన్నాడు. ఆ రాత్రి మనష్షే కలలోకి వచ్చి, నన్ను నీ తోటివాడినంటావా, రొట్టెకు ఆశీర్వాదం చెప్పి ఎక్కడ నుంచి తుంచాలో చెప్పు చూద్దాం అన్నాడు. రావ్ ఆషీకి తెలియలేదు. ముందుగా కాలి గట్టిపడిన చోటి నుంచి అని మనష్షే చెప్పాడు. ఇంత తెలిసినవాడివి విగ్రహాలను ఎందుకు పూజించావు అని రావ్ ఆషీ అడిగాడు. "నువ్వు అక్కడ ఉండి ఉంటే, అంగీ అంచు ఎత్తిపట్టుకుని నా వెనకే పరుగెత్తేవాడివి" అన్నాడు మనష్షే. మర్నాడు ఉదయం రావ్ ఆషీ శిష్యుల ముందు కూర్చుని, "మన గురువులతో మొదలుపెడదాం" అని పాఠం ఆరంభించాడు.